రజాయికి ఒక కోన్

రబియా దుకాణంల దూది ఎవరైనా పరవొచ్చు, అంచులు ఎవరైనా మడవొచ్చు, మిషన్ మీద ఎవరైనా కూసోవచ్చు. దారం ఎంత పడతదో చెప్పేది మాత్రం రబియా ఒక్కతే. కొత్తకోటల హైవే పక్కన, పంక్చర్ షాపుకు చికెన్ సెంటర్‌కు నడుమ ఆ రెండు షటర్లు తెరిచిన నాటి నుంచి అదే పద్ధతి. గిరాకీ వచ్చి చలికి కప్పుకునే రజాయి కొలతలు చెప్తడు, లోపల దూదా ఫైబరా చెప్తడు, మీద ఎట్లాంటి కుట్టు కావాల్నో చూపిస్తడు. రబియా కండ్లు సగం మూసి, పెదవులు కదుపుకుంట లెక్క కట్టి, అల్మారా తాళం తీసి ఇన్ని దారం కోన్లని మిషన్ మీద పెడుతది. రజాయి అయిపోయేసరికి కోన్‌కు నాలుగు చుట్లు మిగులుతయి. ఎక్కువ కాదు, తక్కువ కాదు.

ఆ లెక్క ఆమెకు ఊరికె రాలే. కొత్త రకం పని వచ్చినప్పుడల్లా అదే బట్ట, అదే దూది చిన్న ముక్క చేసి, దాని మీద జానెడు కుట్టు వేసి, మళ్ల ఆ కుట్టు విప్పి, పైదారం కిందిదారం రెండూ గుంజి కొలిచేది. దూది మందం పెరిగిన కొద్దీ సూది దిగే లోతు పెరుగుతది, దారం అంత ఎక్కువ మింగుతది. పైన కనపడే గీత గజమే ఉన్నా, లోపలికి పోయిన దారం రెండున్నర గజాలు, మూడు గజాలు. ఈ కొలిచే పని రబియా ఇంట్ల, వంటింటి తలుపు దగ్గరికి వేసుకోని చేసేది. బాబిన్లకు కిందిదారం చుట్టేది కూడ తనే. కుట్టే ఆడోళ్లకు చుట్టిన బాబిన్ చేతికొచ్చేది, అయిపోతే ఇంకొకటి వచ్చేది. అది ఏ కోన్‌ల నుంచి వచ్చిందో, ఎంత వచ్చిందో వాళ్లకు తెల్వదు.

"గీ ఒక్క ముచ్చట నా కాడ ఉన్నంత కాలం ఎవలూ నన్ను కాదని పోలేరు," అని భర్త ఖుద్దూస్‌తోని అంటుండె.

ఖుద్దూస్ నవ్వి ఊరుకునేటోడు. వాళ్ల నాయిన ఊరూరు తిరిగి దూది ఏకి రజాయిలు నింపినోడు. ఖుద్దూస్‌కు ఏకుడు పని పోయి, ట్రాలీ ఆటో వచ్చింది. తయారైన రజాయిలు పెబ్బేరుకు, వనపర్తికి, మహబూబ్‌నగర్‌కు వేసుకపోయి ఇచ్చొస్తడు. ఎవరితోని గట్టిగ మాట్లాడడు. పిల్లలు లేరు. ఆ సంగతి మాట్లాడుకోవుడు వాళ్లు ఎప్పుడో బంద్ జేసిండ్రు.

నవనీత ఆ దుకాణానికి అంచులు కుట్టే పనికి వచ్చింది. కొత్తగ పెండ్లయి, భర్త గోపీకృష్ణకు టోల్‌గేటు కాడ పని దొరికితే ఊరి నుంచి కొత్తకోటకు మారిండ్రు. వచ్చిన మొదటి చలికాలంలనే రబియా ఆ పిల్లను పెద్ద మిషన్ మీద కూసోబెట్టింది. చూస్తే చెయ్యి గాలిల తీగ గీసినట్టు పోతాంది. బట్ట మీద సుద్ద గీత లేదు, కాయితం లేదు, సూది కింద తీగలు అల్లుకుంట, ఆకులు విప్పుకుంట పోతనే ఉన్నయి. రబియా చేతిల పని వదిలి చూసుకుంట నిలబడ్డది. "నా చేతి కిందికొచ్చినంక ఎట్ల తయారైందో చూసిండ్రా," అని పదిమందికి చెప్పుకున్నది. కొన్నేండ్లు గడిచేసరికి అది నవనీత చెయ్యి అన్న సంగతే మరిచిపోయి, గిరాకీలతోని "నా డిజైన్" అనుడు మొదలుపెట్టింది. నవనీత పక్కనే ఉండి వినేది. ఆ పిల్లకు అది తప్పుగ కూడ తోచలే.

తర్వాత మహిళా సంఘం తరఫున నవనీతకు సొంత మిషన్ వచ్చింది. పట్టాల మీద తల అటూఇటూ నడిచే పెద్ద మిషన్. రోడ్డుకు అవతలి పక్క, డివైడర్ దాటినంక, ఒక షటర్ కిరాయికి తీసుకున్నది. దుకాణం తెరిచే రోజు మొదట రబియా ఇంటికొచ్చి చీర, స్వీటు డబ్బ చేతిల పెట్టింది.

"అక్కా, నువ్వు లేకపోతే నాకు సూదిల దారం ఎక్కియ్యరాకపోవు. నువ్వొచ్చి మొదటి కుట్టు వెయ్యాలె," అన్నది.

రబియా పోయింది. మొదటి కుట్టు వేసింది. నవ్వింది, దువా చేసింది. తన దుకాణానికి వాపసొచ్చినంక, ఇన్నేండ్లు నవనీత కూసున్న స్టూలు ఎత్తి పంక్చర్ షాపోనికి ఇచ్చేసింది. "గాలి నింపెటప్పుడు కూసోను పనికొస్తది, ఉంచుకో," అని.

* * *

కొత్త జిల్లాలైనంక హైవే మీద కట్టడాలు పెరిగినయి. బైపాస్ కాడ ఒక పెద్ద హోటల్ లేచింది. దాని పనులన్ని ఆ ఇంటి కోడలు సుచరిత చూసుకుంటాంది. హైదరాబాద్ల చదివిన మనిషి, ప్రతి వస్తువు తనే చేతితో తడిమి చూసి తీసుకుంటది. గదులకు తెల్ల రజాయిలు కావాలె, వాటి మీద ఒకటే రంగు దారంతోని నిండుగ తీగల కుట్టు ఉండాలె, అన్నీ అచ్చు ఒక్క తీరుగుండాలె అని ఆమె పట్టుదల. ఎవరో చెప్తే రబియా దుకాణానికి వచ్చింది.

గోడకు వేలాడుతున్న నమూనా ముక్క చూసి ఆగిపోయింది. తెల్ల బట్ట మీద నెమలికంఠం రంగు తీగ.

"ఇది ఎవరు కుట్టారమ్మా?"

"నేనే," అన్నది రబియా.

"నాకు ఇదే కావాలి. ఒక్కసారి నా ముందర కుట్టి చూపిస్తారా? ఎట్లా వస్తుందో చూడాలని ఉంది."

రబియా మిషన్ కాడ కూసున్నది. ఆమెకు ముంజేయి నొప్పి చానాళ్ల నుంచి ఉన్నది. తీగ మొదలుపెట్టింది, మలుపు కాడ గీత వణికింది, ఆకు కాడ దారం తెగింది. మళ్ల ఎక్కిచ్చి కుట్టింది. మళ్ల తెగింది. పని చేసే ఆడోళ్లు తలలు వంచుకున్నరు. సుచరిత మర్యాదస్తురాలు, "పర్వాలేదమ్మా, మళ్లీ వస్తాను," అని లేచింది. ఆమె డ్రైవర్ అప్పటిదాక పంక్చర్ షాపు కాడ టైర్ చూపించుకుంట నిలబడి ఉన్నడు. ఆ తీగ కుట్టిన చెయ్యి రోడ్డు అవతలి నవనీతదని అక్కడ ఎవరినడిగినా చెప్తరు.

కారు కొంచెం దూరం పోయి, డివైడర్ సందుల మలిగి, వాపసొచ్చి నవనీత షటర్ ముందట ఆగింది. రబియా ఇవతలి నుంచి చూసుకుంట నిలబడ్డది. సుచరిత లోపలికి పోయింది. చానాసేపు బయటికి రాలే. వచ్చేటప్పుడు నవనీత కారు దాక సాగనంపింది. ఇద్దరూ నవ్వుకుంటున్నరు.

ఆ రోజు రబియా ఎవరి మీదా అరవలే. అన్నం మంచిగనే తిన్నది.

తెల్లారి పొద్దుగాల నవనీత రోడ్డు దాటి వచ్చింది. చేతిల వేడి మిర్చీబజ్జీల పొట్లం. ముఖం వెలిగిపోతాంది.

"అక్కా, హోటల్ పని నాకు దొరికింది! నలభై రజాయిలు! భయమైతాంది అక్కా. ఎన్నడన్న గంత పని ఒక్కతాన చేసిన్నా?"

సుచరిత ముందుగ తన కాడికే వచ్చిన సంగతి ఆ పిల్లకు తెల్వదని రబియాకు ఆ ముఖం చూస్తనే అర్థమైంది. సుచరిత చెప్పలే. నవనీత అడగలే.

"భయమెందుకే. కుట్టేది నీ చెయ్యే గద," అన్నది రబియా.

"కుట్టుడు కాదక్కా. దారం." నవనీత దగ్గరికి జరిగింది. "ఆ నెమలికంఠం రంగు దుకాణాలల్ల దొరకది. హైదరాబాద్ల పాతబస్తీల రంగేసేటాయన ఉన్నడు గద, ఆయన కాడ వేయించాలె. మొత్తం ఒక్కసారే వేయించుకో, ఒక కడాయిల వచ్చిన రంగు ఇంకోసారి రాదు అన్నడు. మరి ఎన్ని కోన్లు వేయియ్యాల్నో నాకేం తెలుసు? నువ్వే చెప్పాలె."

"లోపల ఏం పెడుతున్నవ్?"

"దూదే అక్కా. మూడు కిలోలు. మందంగుండాలె అన్నది ఆమె."

"కుట్టు?"

"నిండుగ. నాలుగేండ్ల కింద ఇక్కడ కుట్టిన గద, గా తీగ. అంచుల దాక."

రబియా కండ్లు సగం మూసింది. లెక్క ఒక్క క్షణంల వచ్చేసింది. మూడు కిలోల దూది, నిండు తీగ. పైదారం ఒక కోన్, కిందిదారం ఇంచుమించు ఇంకొక కోన్. రజాయికి రెండు. తెగిన కాడికి, మొదలు చివరలకు ఇంకొన్ని. తొంభై అని చెప్పాలె.

కండ్లు తెరిచింది. నవనీత ఊపిరి బిగబట్టి చూస్తాంది, దవాఖానల డాక్టర్ నోటి దిక్కు చూసినట్టు.

"రజాయికి ఒక కోన్," అన్నది రబియా. "తెగిన కాడికి పైన ఐదు ఎక్కువ పెట్టుకో. నలభై ఐదు."

నవనీత వంగి కాళ్లు మొక్కబోయింది. రబియా ఆ చేతులు పట్టుకోని ఆపింది. మిర్చీ ఒకటి తీసుకోని తిన్నది. కారంగ, మంచిగున్నది.

* * *

ఖుద్దూస్ అప్పుడు బయట ట్రాలీకి తాడు కడుతున్నడు. మాటలన్ని విన్నడు. పొద్దుగూకి అన్నం కాడ కూసున్నప్పుడు, పళ్లెంల చెయ్యి ఆపి అడిగిండు.

"నలభై ఐదేనా? కిందిదారం?"

"రజాయికి ఒక కోన్ అన్న. పైదారం ఒక కోన్ పట్టదా? అబద్ధం చెప్పిన్నా?"

"ఆ పిల్ల కిందిదారం సంగతి అడగలేదా?"

"అడగలే."

"దానికి తెల్వదు రబియా. బాబిన్లు నువ్వే చుట్టిస్తుంటివి. దానికెట్ల తెలుస్తది?"

"సొంత దుకాణం పెట్టుకున్నది గద. తెలుసుకోవాలె."

"రేపు పోయి నేను చెప్పొస్త."

"పో," అన్నది రబియా. గొంతు పెంచలే. "పోయి చెప్పు. నా పెండ్లాం కడుపు మంటతోని నిన్ను ముంచింది అని చెప్పు. బజారు మొత్తం వింటది. రేపటి నుంచి ఈ దుకాణం మెట్టు ఎవరెక్కుతరో, నీ ట్రాలీల ఏం వేసుకపోతవో, అది కూడ చూసుకో."

ఖుద్దూస్ చెయ్యి కడుక్కున్నడు. తెల్లారి ట్రాలీ స్టార్ట్ చేసి, డివైడర్ సందు కాడ ఆపి, అవతలి షటర్ దిక్కు చూసిండు. నవనీత దూది మూటలు దించుకుంటాంది. ఆయనను చూసి చెయ్యి ఊపింది. ఖుద్దూస్ కూడ చెయ్యి ఊపి, వనపర్తి దిక్కు పోయిండు.

దారం వచ్చింది. నెమలి మెడ మీద ఎండ పడినట్టు మెరుస్తున్న కోన్లు. నవనీత మొదటి రజాయి కుట్టుడు మొదలుపెట్టి, అది పూర్తి కాకముందే పరుగెత్తుకుంట వచ్చింది.

"అక్కా, ఏదో తప్పు జరిగింది. ఒక కోన్ అయిపోయింది, రెండోది కూడ అయిపోవడానికొచ్చింది. ఇంకా ఒక మూల మిగిలే ఉన్నది!"

రబియా ఈ మాట కోసం ఎదురుచూస్తనే ఉన్నది. ఇక్కడ ఒక్క మాట చెప్తే సరిపోతుండె. హైదరాబాద్‌కు ఇప్పుడే ఫోన్ చెయ్యమంటే సరిపోతుండె.

"కొత్త మిషన్ గట్లనే తాగుతది," అన్నది. "మీ మిషన్ కుట్టు వదులుగ పడుతున్నట్టుంది. పద, చూస్త."

దువా చేసిన నాడు తప్ప మళ్ల ఆ షటర్ లోపలికి రబియా పోయిందే లేదు. ఇప్పుడు పోయింది. మిషన్ మీద పరిచి ఉన్నది మొదటి రజాయి. రబియా దాని కాడ నిలబడిపోయింది. ఇన్నేండ్లల్ల తను చూసిన కుట్టుల ఇట్లాంటిది లేదు. తీగ ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలుస్తలేదు. ఆకుల ఈనెలు గాలికి కదిలినట్టే ఉన్నయి. తను నేర్పిన పిల్ల. తన చేతులకు ఈ జన్మల రానిది. ఏడుపొచ్చినట్టయింది. అది ఏడుపు కాకముందే ఆమె ముంజేయి నొప్పి లేచింది, దారం రెండుసార్లు తెగిన సంగతి, తలలు వంచుకున్న ఆడోళ్లు యాదికొచ్చిండ్రు.

మిషన్ తల పక్కన దారం బిగువు మార్చే చిన్న మర ఉంటది. రబియా తన వేళ్లతోని దాన్ని తిప్పింది. ఇంకొంచెం. ఇంకొంచెం.

"ఇట్ల బిగిస్తే దారం ఆదా అయితది. కుట్టు కూడ జర పొడుగు పెట్టుకో. ఇగ ఫికర్ చెయ్యకు. ఒక్క కోన్‌లనే అయితది."

"మళ్ల హైదరాబాద్‌కు ఫోన్ చెయ్యాల్నా అక్కా? ఎందుకైనా మంచిదని..."

"ఎందుకే దండుగ? నా మాట మీద నమ్మకం లేదా?"

నవనీత నాలిక కొరుక్కున్నది. "అయ్యో, గదేం మాట అక్కా," అన్నది.

* * *

బిగువు ఎక్కువైన దారం బట్టను గుంజుతది. రెండో రజాయి నుంచే తీగల చుట్టూ ముడతలు లేచినయి. దారం మాటిమాటికి తెగుడు మొదలైంది. తెగిన కాడల్లా ముడి, ముడి కాడల్లా ఉబ్బు. నవనీత మరను వదులు చెయ్యబోయింది, దారం ఎక్కువ తాగుతదని భయమై మళ్ల బిగించింది. అక్క చెప్పినంక అక్క చెప్పినట్టే చెయ్యాలనుకున్నది. తప్పు తన చేతిలనే ఉన్నదనుకున్నది. ఒక రోజు కుట్టు పొడుగు పెడితే, ఒక రోజు చిన్నగ పెట్టింది. ఏ రెండు రజాయిలు ఒక తీరుగ రాలే.

రబియా రోజూ బగారా అన్నం టిఫిన్ల పెట్టి ఖుద్దూస్‌కు ఇచ్చి పంపేది. "పాపం, పొయ్యి వెలిగించుకునే తీరిక కూడ ఉండది," అనేది. ఖుద్దూస్ టిఫిన్ పట్టుకపోయి, నవనీత వాచిపోయిన వేళ్లు చూసి, టిఫిన్ అక్కడ పెట్టి వచ్చేటోడు.

సగం దాటి నాలుగైదు రజాయిలు అయ్యేసరికి చివరి కోన్ ఖాళీ అయ్యింది. నవనీత హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే రంగేసేటాయన బాధపడ్డడు.

"మొన్నమొన్నటి దాక అదే కడాయిల వేసిన దారం ఒక మూట ఎక్కువైతే నా కాడనే ఉండె బేటీ. మగ్గం పనోళ్లు వచ్చి కొనుక్కపోయిండ్రు. అప్పుడే అడిగితే తీసి పెడుతుంటి గద."

బస్సెక్కి పోయింది. మళ్ల కొత్త కడాయిల వేయించింది. ఆయన దుకాణంల ట్యూబులైటు కింద పెట్టి చూస్తే రెండూ ఒక్కటే అనిపించింది. తెచ్చి, మిగిలిన రజాయిలన్ని కుట్టింది. అప్పగించే రోజు పొద్దుగాల రబియా ఇంటికొచ్చి తలుపు కాడ నిలబడ్డది.

"అక్కా, నువ్వు కూడ నాతోని రావా? నువ్వు పక్కన ఉంటే నాకు ధైర్యం."

రబియా మంచి చీర కట్టుకోని బయలుదేరింది.

హోటల్ వెనుక పచ్చిక వేసిన పెద్ద జాగా ఉన్నది. సుచరిత అక్కడ చాపలు వేయించి, రజాయిలన్ని వరసగ పరిపించింది. నెత్తి మీద ఎండ. ట్యూబులైటు కింద దాగిన రంగు ఎండల దాగలే. ముందటి వరసలు నీలంగ ఉన్నయి, వెనుక వరసలు ఆకుపచ్చ దిక్కు పోయినయి. నీలం వాటిల కూడ మొదటిది ఒక్కటి పూవు పరిచినట్టు పడి ఉంటే, తక్కినవి ఉతికి పిండి ఆరేసినట్టు ముడుచుకపోయి ఉన్నయి.

సుచరిత వరసల నడుమ నడిచింది. వంగి ఒకటి తడిమింది. ఇంకొకటి తడిమింది.

"నవనీతా, ఇవి అన్నీ నువ్వే కుట్టావా? ఒక్క మనిషి చెయ్యిలా లేవు."

"నేనే కుట్టిన మేడమ్. దారం... మధ్యల దారం అయిపోయింది. కొంచెం తేడా వచ్చింది. గదులల్ల ఒక్కొక్కటే ఉంటది గద, కనపడది మేడమ్."

సుచరిత చెడ్డ మనిషి కాదు. వద్దని అనెయ్యడానికి నోరు రాలేదు. చుట్టూ చూసి, మంచి చీరల నిలబడ్డ రబియాను చూసింది.

"అమ్మా, మీరు ఈ పనిలో పెద్దవాళ్లు. మీరు చెప్పండి. వీటిని గదుల్లో వెయ్యొచ్చా? మీరు వెయ్యొచ్చు అంటే నేను తీసుకుంటాను."

నవనీత రబియా దిక్కు తిరిగింది. ఆ ముఖంల ఒక్కసారే ప్రాణం వచ్చింది. ఇగ గండం గడిచిందన్నట్టు చిన్నగ నవ్వింది కూడ.

రబియా ఒక రజాయి అంచు ఎత్తి, ముడతను వేళ్ల నడుమ పట్టి, వదిలింది.

"వెయ్యొద్దమ్మా," అన్నది. "నా దుకాణంల అయితే ఇట్లాంటివి నేను బయటికి పోనియ్య."

నవనీత నవ్వు పోవడానికి కొంచెం టైం పట్టింది. విన్నది అర్థం కానట్టు పెదవులు అట్లనే ఉండిపోయినయి. తర్వాత వంగి, మొదటి వరస నుంచి ఒక్కొక్క రజాయి మడతపెట్టుడు మొదలుపెట్టింది. హోటల్ పనోళ్లు సాయం వస్తే, వద్దని చేత్తోని చెప్పింది. రబియా ఎండల నిలబడి చూసింది. సాయం చెయ్యలే.

ట్రాలీల వచ్చేటప్పుడు దారంత నవనీత ఒక్కటే మాట అన్నది. "నిజం చెప్పినవ్ అక్కా. నువ్వు కాబట్టి నిజం చెప్పినవ్."

ముందట బండి నడుపుతున్న ఖుద్దూస్ బ్రేకు వేసినట్టు వేసి, మళ్ల పోనిచ్చిండు.

* * *

హోటల్ వాళ్లు ఎక్కడి నుంచో అచ్చు పూల దుప్పట్లు తెప్పించి గదులల్ల వేసుకున్నరు. గోపీకృష్ణ ఆ రజాయిలన్ని టోల్‌గేటు దాటినంక రోడ్డు పక్కన తాడు కట్టి వేలాడేసి, అడిగిన కాడికి అమ్మిండు. లారీ డ్రైవర్లు కొనుక్కపోయిండ్రు. మొదటి రజాయి కూడ వాటిల్లనే పోయింది, ఏ లారీల పోయిందో ఎవరికి తెల్వదు. తెల్ల రజాయి లారీ క్యాబిన్ల ఎన్ని రోజులు తెల్లగుంటది. దూది, దారం బాకీలు తీర్చలేక ఆ చలికాలం దాటకముందే షటర్ దించేసిండ్రు. మిషన్ ఎవరికైనా అమ్మాలని గోపీకృష్ణ తిరుగుతుంటే రబియానే పిలిపించి తీసుకున్నది.

"ఎవలో తెల్వనోళ్ల కాడికి పోయేకంటే నా కాడ ఉంటే మంచిది గద," అన్నది నవనీతతోని. "నీ కండ్ల ముందటనే ఉంటది. నువ్వే దాని మీద కూసో."

నవనీత ఏడ్చుకుంట ఆమె చేతులు పట్టుకున్నది. మరుసటి రోజు నుంచి రోడ్డు ఇవతలికి పనికొచ్చింది, తన మిషన్ మీద తనే కూలికి.

ఖుద్దూస్ ఒక నెల ఓపిక పట్టిండు. ఒకనాడు రబియా దూది బేరానికి పోయినప్పుడు, దుకాణంల నవనీత ఒక్కతే ఉన్నది చూసి లోపలికి వచ్చి నిలబడ్డడు. తల వంచుకోని, ఆగి ఆగి చెప్పిండు. కిందిదారం సంగతి, మర బిగించిన సంగతి, అన్నం కాడ మాట్లాడుకున్న సంగతి. "నేను ఆ రోజే చెప్పాల్సింది. నా నోరు పడిపోయింది. నువ్వు ఈడ పని చెయ్యకు బేటీ. వేరే ఎక్కడన్న చూసుకో," అన్నడు.

నవనీత చేతిల బట్ట పక్కన పెట్టింది. మెల్లగ తల అడ్డంగ ఊపింది.

"అక్క గట్ల చెయ్యది భాయ్."

"చేసింది."

"నాకు అన్నం పంపింది. హోటల్ కాడ నాకు సిగ్గయితదని తెలిసి కూడ నిజమే చెప్పింది. నా మిషన్ పోనియ్యకుంట కాపాడింది. మీ ఇద్దరి నడుమ ఏం కొట్లాటనో నాకు తెల్వదు. నా ముందట అక్కను అనకుండ్రి."

పొద్దుగూకినంక ఆ మాటలన్ని రబియాకు ఆ పిల్లనే చెప్పింది. చాడీ చెప్పాలని కాదు. భాయ్‌కు ఏదో మనసు బాగలేదు, దవాఖానల చూపియ్యి అక్కా అని చెప్పింది.

పిల్ల మాట అయిపోయేసరికి రబియాకు ఏం చెయ్యాల్నో తెలిసిపోయింది. ఖుద్దూస్ ట్రాలీ తెచ్చి ఆపంగనే బయటికి పోయింది. పంక్చర్ షాపు కాడ నలుగురున్నరు, చికెన్ సెంటర్ కాడ నలుగురున్నరు.

"ఏమయ్యా," అన్నది, ఇంట్ల మాట్లాడే ఉర్దూ వదిలి తెలుగుల, అందరికి తెలియాలని. "నా కాడ పనిచేసే ఆడపిల్ల ఒంటరిగున్నది చూసి లోపలికి పోయి ఏం మాట్లాడుతున్నవ్?"

నలుగురూ తలలు ఎత్తిండ్రు. ఖుద్దూస్‌కు ముందు అర్థం కాలే. అర్థమైనంక ముఖం బూడిదైంది. నవనీత లోపలి నుంచి ఉరికొచ్చి, "గట్ల కాదక్కా, గట్ల కాదు, భాయ్ మంచోడు," అని అరిచింది. ఆ అరుపుతోని ఉన్న నలుగురు పదిమందైండ్రు.

"నువ్వు లోపలికి పోవే. నీకేం తెల్వదు," అన్నది రబియా.

ఖుద్దూస్ ట్రాలీల ఉన్న దూది మూటలు ఒక్కొక్కటే దించి షటర్ ముందట పెట్టిండు. అన్ని దించినంక బండెక్కి పోయిండు. మహబూబ్‌నగర్ల వాళ్ల తమ్ముడి ఇంట్ల ఉంటున్నడని, రైల్వే స్టేషన్ కాడ సామాన్లు వేస్తున్నడని కొన్నాళ్లకు తెలిసింది. ఎవరన్న అడిగితే రబియా, "ఆయనకు మతి నిలకడ లేదు," అనేది. ఒక్కతే వండుకోని ఒక్కతే తినేది. కొన్ని రోజులు చేతి అలవాటుతోని రెండు పళ్లాలు పెట్టింది. తర్వాత ఒకటే పెట్టుడు వచ్చేసింది.

దుకాణం మంచిగనే నడుస్తాంది. రెండు మిషన్లు, నలుగురు ఆడోళ్లు. కానీ రెండేండ్లకు వచ్చిన ఒక గిరాకీ, వనపర్తి పెద్దింటోళ్లు, నిండు తీగ కుట్టు కావాలన్నరు. రబియా ఆ పని నవనీతకు అప్పగించింది. నవనీత బట్ట పరుచుకున్నది. సుద్దముక్క తీసుకోని గీతలు గీసుకున్నది. తుడిచి మళ్ల గీసుకున్నది. సూది దించింది. చెయ్యి గీత మీద నుంచి ఇటు పోతలేదు, అటు పోతలేదు. ఒక్కొక్క ఆకు కాడ మిషన్ ఆపి చూసుకుంటాంది. తీగ లేదు, కంచె తీగ లెక్క బిర్రుగ, మలుపు మలుపుకు ఆగి ఆగి పడుతాంది.

రబియా వెనుక నిలబడి చూస్తాంది. "గీతలు ఎందుకే? ఇదివరకు తీరుగ వదిలెయ్యి చెయ్యి. వదిలెయ్యి!"

"రావట్లేదక్కా."

"దారం చాలదని భయమా? రెండు కోన్లు పెట్టిన గద."

"రెండు సరిపోతయా?"

"సరిపోతయ్."

నవనీత నాలుగు కుట్లు వేసి మళ్ల ఆపింది. "కిందిదారంతోని కలిపేనా అక్కా?"

"కలిపే. ఎన్నిసార్లు అడుగుతవే? నేను చెప్తే నమ్మకం లేదా?"

"నీ మీద ఎందుకుండది అక్కా," అన్నది నవనీత, సూది మీద నుంచి కండ్లు తియ్యకుంట. "నా మీదనే లేదు. నువ్వు నన్ను చూసుకుంటనే ఉండు. తప్పు పోతే అక్కడనే చెప్పు."

రబియా ఆ రోజంత అక్కడనే నిలబడాల్సి వచ్చింది. కాళ్లు గుంజినయి. నవనీత ఆకు ఆకుకు తల ఎత్తి, "బాగుందా?" అని అడిగింది. బాగలేదు. ఒక్క ఆకు కూడ బాగలేదు.

"బాగుంది, కుట్టు," అన్నది రబియా.